మధ్యధరా సముద్రంపై ఒక కొర్రీ

నా బల్ల మీదికి వచ్చిన ఫైలు ఏదీ కొర్రీ లేకుండా తిరిగి వెళ్లలేదు. గొప్ప కోసం చెప్పడం లేదు. సరే, కొంచెం గొప్ప కోసమే. కొర్రీ అంటే ఏమిటో తెలియని అదృష్టవంతులు ఎక్కడైనా ఉంటే వారి కోసం చెబుతున్నాను: కాగితంలో లోపం వెతికి, అది అంచున రాసి, కాగితం తెచ్చినవాణ్ణి వచ్చిన దారినే పంపించడాన్ని మా ఆఫీసుల్లో కొర్రీ వేయడం అంటారు. ఆ విద్యలో మా హద్దురాళ్ల సంరక్షణ సంస్థ మొత్తానికి నన్ను మించినవాడు లేడు. పేరు పేరి జోగారావు, ఉద్యోగం పరిశీలన విభాగంలో సూపరింటెండెంటు.

ఈ గుణం ఉద్యోగంతో వచ్చింది కాదు, పుట్టుకతో వచ్చింది. నా పెళ్లి శుభలేఖ అచ్చుకు ఇచ్చే ముందు ఒకసారి చూడమని మా మావగారు పంపితే, 'బంధుమిత్ర సపరివారంగా' అన్నచోట ఎంతమందో పేర్కొనలేదని రాసి తిప్పి పంపాను. ఆయన ఆ కాగితాన్ని చాలాకాలం ఇంటికి వచ్చినవాళ్లందరికీ చూపించారు. అల్లుడి తెలివికి మురిసిపోయి చూపిస్తున్నారని అనుకునేవాణ్ణి.

పొలాల మధ్య, ఊళ్ల మధ్య పాతిన హద్దురాళ్లు కదలకుండా చూడటం మా సంస్థ పని. రాళ్లు వాటంతట అవి కదలవు కాబట్టి మాకు తీరిక ఎక్కువ. తీరిక ఎక్కువ కాబట్టి ఫైళ్లు ఎక్కువ. ఆఫీసు కాకినాడలో. డాబా ఎక్కితే దూరంగా సముద్రం గీత గీసినట్టు కనిపిస్తుంది. ఆ గీత దగ్గరికి మాత్రం నేనెప్పుడూ వెళ్లలేదు. వెళ్లాలంటే సెలవు పెట్టాలి, సెలవు చీటీ పరిశీలన విభాగానికి రావాలి, అంటే నా దగ్గరికే రావాలి. 'కారణం: స్వంత పని' అని నేను రాస్తే, ఆ పని స్వభావం వివరించలేదని నేనే కొర్రీ వేసుకునేవాణ్ణి. ఆదివారాలు ఉన్నాయి కదా అంటారు. ఆదివారం ఫైళ్లే మా ఇంటికి వచ్చేవి.

ఇలా ఉండగా మా డైరెక్టరు పరంజ్యోతి గారు ఏదో కొండ ఊళ్లో ఉద్యోగుల మానసిక ఉల్లాసం మీద శిక్షణ పొంది వచ్చారు. వస్తూనే అందరినీ సమావేశపరిచారు.

"అలసిన ఉద్యోగి సంస్థకు భారం," అన్నారు. "ఇకపై మన సంస్థ ఉల్లాసంగా పనిచేస్తుంది. ఉల్లాసంగా లేని వారి వివరాలు ప్రతి శనివారం సాయంత్రంలోగా నాకు అందాలి. ఇందు నిమిత్తం, సెలవును అస్సలు వాడని ఒక ఆదర్శ ఉద్యోగిని ఎంపిక చేసి, మధ్యధరా సముద్రంలోని మాల్టా ద్వీపంలో, ఒడ్డున ఉండే రిసార్టులో, సంస్థ ఖర్చుపై విశ్రాంతి తీసుకొనునట్లు చేయడం జరుగుతుంది. సదరు ఉద్యోగి ఆర్జించిన విశ్రాంతిని తిరిగి వచ్చిన పిమ్మట తక్కిన సిబ్బందికి బోధించడం జరుగుతుంది."

మా విభాగంలో సీనియర్ అసిస్టెంటు నూకరాజుకు నోరు ఆగదు. "అంత దూరం ఎందుకండీ? మన బంగాళాఖాతం ఇక్కడే ఉంది గదండీ," అన్నాడు.

"శిక్షణలో వేసిన బొమ్మలో నీళ్లు నీలంగా ఉన్నాయి. మనవి అలా లేవు," అన్నారు డైరెక్టరు గారు. దానితో చర్చ ముగిసింది.

సెలవు వాడని ఆదర్శ ఉద్యోగి ఎవరో వెతకాల్సిన పని లేకపోయింది. అందరూ ఒక్కసారిగా నావైపు తిరిగారు. చప్పట్లు కూడా కొట్టారు. నేను ఇన్నేళ్లు నా చీటీలను నేనే తిప్పికొట్టుకున్న ఫలితం ఇలా పండింది.

విశ్రాంతి నియమావళి రాసే బాధ్యత కూడా నాకే అప్పగించారు. తీసుకోబోయేవాడూ నేనే, నియమాలు రాసేవాడూ నేనే. ఇంకొకడైతే తనకు అనుకూలంగా రాసుకుంటాడు. నాకు నిజాయితీ అనే జబ్బు ఉంది. ఉద్యోగి ఏ విధంగా విశ్రమించవలెను, విశ్రమించినట్లు ఎవరు ధ్రువీకరించవలెను, విశ్రాంతి మధ్యలో ఆగిపోయినచో ఎవరికి తెలియజేయవలెను, అన్నీ రాశాను. ఉద్యోగితో పాటు ఒక సహచరి వెళ్లవచ్చునని రాసి, ఆ వెంటనే ఇంకో వాక్యం చేర్చాను: 'సహచరి విశ్రాంతి ఈ సంస్థ పరిధిలోనికి రాదు.' ఆ వాక్యం రాసిన రోజు నాకు చాలా తృప్తిగా అనిపించింది. రేపెవరూ దాని మీద వేలు పెట్టలేరు.

ఇంటికి వెళ్లి మా ఆవిడ సత్యవేణికి కబురు చెప్పాను. కూరలో ఉప్పు వేస్తున్నదల్లా ఆగిపోయింది.

"నిజవేనాండీ? మనిద్దరవేనా?"

"మనిద్దరమే."

మా అమ్మాయి బడిలో చదివినప్పటి అట్లాసు అటక మీద నుంచి దింపింది. మధ్యధరా సముద్రం దొరికింది గాని మాల్టా దొరకడానికి చాలాసేపు పట్టింది. చివరికి అద్దాలు పెట్టుకుని పట్టుకుంది.

"ఈ చుక్కేనాండీ? ఇంత చుక్కలో మనుషులెలా పడతారండీ బాబూ?"

"పడతారు. దేశమే పట్టింది."

ఆ చుక్క మీద వేలు పెట్టి కాసేపు ఆలోచించింది. "చుట్టూరా సముద్రవే గదా. అయితే ఫైలు తెచ్చేవాడు ఎటునించి వస్తాడండీ?"

"రాడు."

"అమ్మయ్య," అంది సత్యవేణి.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ప్రయాణం మొదలైపోయింది. ఆవకాయ, కందిపొడి, జంతికలు డబ్బాల్లోకి ఎక్కాయి. సముద్రంలో దిగడానికి ఏ చీర పనికొస్తుందన్న విషయం మీద పక్కింటి వాళ్లతో పెద్ద సదస్సు జరిగింది. నేత చీర తడిస్తే బరువు, సిల్కు చీర తడిస్తే ఏడుపు అని తేలి, చివరికి ఒక పాత వాయిలు చీర ఎంపికైంది. రిసార్టులో ఏమేం చూడవచ్చో నేను ఒక పట్టిక తయారు చేస్తే ఆవిడ పక్కకు నెట్టేసింది.

"కోటలొద్దు, చర్చీలొద్దు. ఇసకలో కూచుని, ఇద్దరం కాళ్లు నీళ్లలో పెట్టుకుని, ఏం మాట్లాడకుండా ఉండాలండీ. మీ చేతిలో కాగితం ఉండకూడదు. అంతే. పెళ్లయిన కొత్తలో ఇక్కడి సముద్రానికే తీసుకెళ్లమంటే 'చూద్దాం' అన్నారు. ఇంకా చూస్తానే ఉన్నారు."

ఆ మాట దాటేయడానికి నియమావళి నకలు తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాను. నేను రాసింది ఒకరు చదువుతుంటే చూడటం నాకు ఇష్టం. ఆవిడ చదువుకుంటూ వెళ్లి ఒకచోట ఆగింది. మళ్లీ చదివింది.

"నా విశ్రాంతి మీ పరిధిలోకి రాదన్నమాట."

"అది నిబంధన. నిన్నుద్దేశించి కాదు."

"మరి నాది ఎవరి పరిధండీ?"

నియమావళిలో ఎక్కడా దానికి జవాబు లేదు. ఆవిడ కాగితాలు మడిచి నాకిచ్చేసి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ పూట కూరలో ఉప్పు రెండుసార్లు పడింది.

వారం తిరక్కుండా నా విహారం ఫైలు తయారై, పరిశీలన నిమిత్తం నా బల్ల మీదికే వచ్చింది. నూకరాజు స్వయంగా తెచ్చి, నా ముందు పెట్టి, పెన్ను మూత కూడా తీసి ఇచ్చాడు.

"సంతకం పెట్టెయ్యండి సార్. చదవకండి."

చదవకుండా సంతకం పెట్టడమే! నేను చదివాను. కాగితాలు అన్నీ ఉన్నాయి. వరస బాగానే ఉంది. సంతకం పెట్టబోయాను. చెయ్యి కదల్లేదు. మూడు దశాబ్దాల చెయ్యి అది, అలవాటుపడ్డ ప్రాణం. అంచున ఖాళీ తెల్లగా కనబడుతోంది. ఒక్క మాట, చిన్న మాట రాస్తే ఏం పోతుంది, మర్యాద కోసం రాద్దాం అనుకున్నాను. రాశాను.

'దరఖాస్తుదారునకు విశ్రాంతి తీసుకొనుటలో పూర్వానుభవము ఉన్నట్లు ఆధారము జతపరచబడలేదు.'

నూకరాజు నెత్తిన చెయ్యి పెట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు. "తాను తీసిన గోతిలో తానే పడటం విన్నాను గాని సార్, పడేముందు కొలతలు తీసుకున్నవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాను."

కొర్రీకి దరఖాస్తుదారుడు సమాధానం ఇవ్వాలి. కాబట్టి మరునాడు పరిశీలన సూపరింటెండెంటు జోగారావు గారికి, ఆదర్శ ఉద్యోగి జోగారావు వినయపూర్వకంగా జవాబు రాసుకున్నాడు. నిద్రపోవడం విశ్రాంతే కదా, రోజూ నిద్రపోతున్నాను కదా అని మనవి చేశాడు. సూపరింటెండెంటు జోగారావు గారు దాన్ని అంగీకరించలేదు. దరఖాస్తుదారుడు నిద్రలో కూడా ఫైళ్ల గురించి కలవరిస్తాడని ఆయనకు స్వయంగా తెలుసు. వ్యవహారం డైరెక్టరు గారి దాకా వెళ్లింది.

ఆయన మండిపడతారనుకున్నాను. పొంగిపోయారు. "అద్భుతమైన అంశం లేవనెత్తారు జోగారావు గారూ! అనుభవం లేని వ్యక్తిని అంత దూరం పంపి, అతడు అక్కడ విశ్రమించలేకపోతే ఆడిట్‌కు మనం ఏం చెప్పగలం?" అని, తన అధ్యక్షతన విశ్రాంతి పరిశీలక సంఘాన్ని ఏర్పాటు చేశారు. అకౌంట్స్ ఆఫీసర్ ఆండాళ్లు గారు కన్వీనరు. ముందుగా కాకినాడలోనే నమూనా విశ్రాంతి జరిపించి, ఫలితాన్ని బట్టి అసలు విశ్రాంతికి అనుమతించాలని తీర్మానించారు.

నమూనా విశ్రాంతికి ఆఫీసు డాబాను ద్వీపంగా ప్రకటించారు. లారీతో ఇసుక పోయించారు. పడక కుర్చీలు రెండు, రంగురంగుల గొడుగు ఒకటి వచ్చాయి. చుట్టూ నీలం టార్పాలిన్లు పరిచారు. ఆరోగ్య కేంద్రం నుంచి బీపీ మిషను తెప్పించారు. కెరటాల బాధ్యత వాచ్‌మన్ సింహాద్రిది. అతను బకెట్టుతో నిలబడి, పోసే ముందల్లా "కెరటం వస్తందండీ" అని హెచ్చరించి మరీ నా కాళ్ల మీద నీళ్లు పోయాలి. హెచ్చరిక లేకుండా పోస్తే భద్రతా నియమాలకు విరుద్ధం. ఆ నియమం కూడా నేనే రాశాను.

నమూనాకు సహచరి కూడా ఉండాలని సంఘం తీర్మానించింది కాబట్టి సత్యవేణి కూడా వచ్చింది. వాయిలు చీరే కట్టుకుంది.

"జోగారావు గారూ, విశ్రాంతి ప్రారంభించవచ్చు," అన్నారు డైరెక్టరు గారు.

"ప్రారంభించాను సార్."

ఆండాళ్లు గారు నా చేతికి పట్టీ చుట్టి బీపీ చూశారు. "ఎక్కువుందండీ."

"శరీరాన్ని వదులు చేయండి," అన్నారు డైరెక్టరు గారు.

"ఏ అవయవంతో మొదలుపెట్టమంటారు సార్?"

ఆయన ఆండాళ్లు గారి వైపు చూశారు. ఆండాళ్లు గారు నియమావళి తిరగేశారు. అవయవాల క్రమం లేదు. నా నియమావళిలో లోపం! బీపీ ఇంకా పెరిగింది.

"కెరటం వస్తందండీ," అన్నాడు సింహాద్రి.

కాళ్ల మీద చన్నీళ్లు పడ్డాయి. కళ్లు మూసుకున్నాను. మూసుకుంటే ఏముంది, కాలి కింద ఇసుక తెలుస్తోంది. బిల్లులో సన్న ఇసుక అని రాసి ఉంది, ఇది గరుకు ఇసుక. కళ్లు తెరిచాను. గొడుగు నీడ నా మీద పడటం లేదు, సింహాద్రి మీద పడుతోంది. ఆ విషయం మనవి చేశాను. గొడుగు జరిపారు. ఈసారి నీడ ఆండాళ్లు గారి మీద పడింది. బీపీ మళ్లీ చూశారు. ఎవరూ అంకె పైకి చదవలేదు.

అప్పుడు పక్క కుర్చీలోంచి ఒక చప్పుడు వినబడింది. సన్నగా, వరసగా, హాయిగా గురక. సత్యవేణి పడక కుర్చీలో వెనక్కి వాలి, కొంగు మొహం మీద కప్పుకుని నిద్రపోతోంది. కాళ్లు ఇసుకలో పెట్టుకుంది. బొటనవేళ్లు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి.

"పడుకున్నారండీ ఈవిడ! నిజంగానే పడుకున్నారు!" అన్నారు ఆండాళ్లు గారు. ఆవిడ గొంతులో నాకు అసూయ వినిపించింది.

డైరెక్టరు గారు చెయ్యి అడ్డం పెట్టారు. "ఆవిడ విశ్రాంతి మన పరిధిలోనికి రాదు. నమోదు చేయవద్దు."

అందరం నిలబడి, పరిధిలోకి రాని ఆ విశ్రాంతిని చూశాం.

సంఘం అంత తేలిగ్గా పట్టు వదల్లేదు. సముద్రపు హోరు రికార్డు పెట్టి చూశారు. అందులో ఎక్కడో ఓ కాకి అరిచిందని, ద్వీపంలో కాకులుంటాయో లేదో నిర్ధారించాలని నేను అడిగాను. ఏమీ చదవకుండా నా కళ్లద్దాలు తీసేశారు. గొడుగు మీద ఏదో అచ్చు ఉందని తెలుసుగాని ఏమి ఉందో కనబడక, అడిగి అడిగి అందరి ప్రాణం తీశాను. కుక్క తోక పట్టుకుని గోదారి ఈదడం అంటే ఏమిటో సంఘానికి అర్థమైంది. సింహాద్రికి జలుబు చేసింది.

ఈలోగా మార్చి వచ్చింది. మార్చి నెలాఖరులోగా ఖర్చు పెట్టకపోతే నిధులు మురిగిపోతాయి. ఉద్యోగి మురిగిపోవచ్చు గాని నిధులు మురిగిపోకూడదు. సంఘం అత్యవసరంగా సమావేశమైంది. డైరెక్టరు గారు తీర్మానం చదివారు.

"ఆదర్శ ఉద్యోగికి విశ్రాంతి ఒంటబట్టలేదు. అయితే లోపము ఉద్యోగిలో ఉన్నదా, ప్రదేశంలో ఉన్నదా అన్నది తేలవలసి ఉన్నది. ఉద్యోగిని ఇప్పటికే పరీక్షించితిమి. కావున ప్రదేశాన్ని పరీక్షించుటకు నేనూ, కన్వీనరు గారూ మాల్టా ద్వీపమునకు వెళ్లి క్షేత్ర పరిశీలన జరపవలెనని తీర్మానించడమైనది."

నా స్థానంలో ఆయన పేరు చేరింది. సత్యవేణి పేరు తీసేద్దామనుకున్నారు గాని, పేరు తీయాలంటే ఫైలు మొదటి నుంచి నడపాలి, మార్చి దాటిపోతుంది. పైగా సహచరి విశ్రాంతి సంస్థ పరిధిలోకి రాదని నియమావళిలో స్పష్టంగా ఉంది గనుక ఆవిడకు పరీక్షా అవసరం లేదు. కాబట్టి సహచరి ప్రయాణాన్ని యథాతథంగా ఉంచారు. ఆ ఫైలు మాత్రం పరిశీలన కోసం మరునాడు నా బల్ల మీదికి రావాలి.

ఆ కబురు ఆండాళ్లు గారు ముందే ఫోనులో చెప్పినట్టున్నారు. సాయంత్రం నేను ఇంటికి వెళ్లేసరికి సత్యవేణి గుమ్మంలో కూర్చుని ఉంది.

"రేపు మీ దగ్గరికి వస్తదంట గదా నా ఫైలు."

"వస్తుంది."

"నన్ను ఆపే మాట మీకు ఈపాటికే తట్టుంటది."

దాచలేకపోయాను. "తట్టింది."

"ఏంటండీ అది?"

"ఉద్యోగే వెళ్లనప్పుడు ఆవిడ ఎవరికి సహచరి?"

సత్యవేణి ఫక్కున నవ్వింది. "బాగుందండీ! నిజంగా బాగుంది." నాకూ అది బాగుందనే ఉంది. నా ఉద్యోగ జీవితంలో అంతకన్న మంచి కొర్రీ తట్టలేదు. దాన్ని ఎవరూ దాటలేరు. ఆవిడ నవ్వు తగ్గాక కొంగు సర్దుకుంటూ అడిగింది. "రాస్తారా?"

"నేను లేకుండా నువ్వు వెళ్తావా సత్యవేణీ?"

"మీరు వచ్చినా, మీరు లేకుండానే గదండీ వెళ్లేది," అంది.

కోపంగా అనలేదు. కోపంగా అంటే బాగుండేది, ఎదురు మాట ఏదో ఒకటి అనేవాణ్ణి. 

మరునాడు నూకరాజు ఫైలు తెచ్చి పెట్టాడు. ఈసారి పెన్ను మూత తీసి ఇవ్వలేదు, దూరంగా నిలబడ్డాడు. అంచున తెల్లగా ఖాళీ ఉంది. నా కొర్రీ అక్కడ ఎంత అందంగా కూర్చుంటుందో కనబడుతూనే ఉంది. 'సహచరి ఎవరికి?' అంతే, రెండు మాటలు. నాకు డాబా మీద ఇసుకలోంచి బయటికి కనిపించిన బొటనవేళ్లు గుర్తుకొచ్చాయి. గబగబా 'అభ్యంతరము లేదు' అని రాసి సంతకం పెట్టి, ఫైలు నూకరాజు వైపు తోసేశాను. ఇంకో క్షణం ఆగితే ఏం చేసేవాణ్ణో నాకే నమ్మకం లేదు.

నూకరాజు కాగితం ముందుకీ వెనక్కీ తిప్పి చూశాడు. వెలుగుకు పట్టి చూశాడు. "సార్, ఒంట్లో బాగుందా? ఆటో పిలవమంటారా?"

సత్యవేణి వెళ్లింది. ఆవకాయ సీసా కూడా వెళ్లింది. ఇల్లు ఖాళీ అయిపోయింది. నేను అన్నం వండుకుంటే అది అన్నం కాలేదు, గంజీ కాలేదు.

ఒకరోజు మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా ఆవిడ ఫోను వచ్చింది.

"ఏవండీ, ఇక్కడ నీళ్లు నిజంగా నీలంగా ఉన్నాయండీ! మీ డైరెక్టరు గారు ఎండలో నిలబడి కెరటాలు లెక్కెడతన్నారు, మొహం ఎర్రగా కందిపోయింది. ఇసక చల్లగా ఉందా వేడిగా ఉందా అని వచ్చినవాళ్లందర్నీ అడుగుతుంటే, దొరలు లేచి వెళ్లిపోతన్నారు. ఆండాళ్లు గారు గొడుగులోళ్ల దగ్గర రసీదుల కోసం తిరుగుతున్నారు పాపం. ఇప్పటిదాకా ఒక్కసారి కూడా కూచోలేదు ఇద్దరూనూ."

"నువ్వో?"

"నేను కాళ్లు నీళ్లలో పెట్టుక్కూచున్నాను. జంతికలు తింటన్నాను." "పక్కన జాగా ఉంచానండీ, ఊరికే. మాట్లాడకండి. ఇదిగో, వినండి."

ఫోను సముద్రానికి దగ్గరగా పట్టుకున్నట్టుంది. నేను ఫోను బల్ల మీద ఫైళ్ల మీదే పెట్టి, తల ఆనించి విన్నాను. కెరటం వచ్చింది, వెళ్లింది. మళ్లీ వచ్చింది. వస్తుందని ఎవరూ హెచ్చరించలేదు. ఎక్కడా లోపం దొరకలేదు. వెతకాలని కూడా అనిపించలేదు.

కళ్లు తెరిచేసరికి బల్ల చుట్టూ జనం ఉన్నారు. డైరెక్టరు గారు లేని రోజుల్లో ఇన్‌ఛార్జిగా వచ్చిన అధికారి వాళ్లందరికీ ముందు నిలబడి ఉన్నారు. కొత్తగా వచ్చినవారు, కుర్రవారు, విధుల పట్ల మహా పట్టుదల కలవారు. వెనక్కి తిరిగి వెళ్లి మెమో తయారు చేయించారు. మా సంస్థలో ఏ మెమో అయినా జారీకి ముందు పరిశీలన విభాగానికి రావాలి. కాబట్టి నా మీది మెమో నా దగ్గరికే వచ్చింది.

'పరిశీలన సూపరింటెండెంటు శ్రీ పేరి జోగారావు, కార్యాలయపు వేళలలో, తమ ఆసనమునందు, ఫైళ్లపై తలనానించి, ముఖమున చిరునవ్వుతో, గాఢమైన విశ్రాంతిని అనుభవించుచుండగా నేను స్వయముగా చూచితిని. సంఘ సమక్షము లేక, బీపీ నమోదు లేక, ముందస్తు అనుమతి లేక పొందిన విశ్రాంతి నియమావళి ప్రకారము అక్రమ విశ్రాంతి కావున, తగు వివరణ సమర్పించవలెను.'

నేను దాన్ని పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చదివాను. వాక్యం వాక్యం తడిమి చూశాను. తప్పు లేదు. చూసినవారున్నారు, స్థలముంది, స్వభావముంది. విశ్రాంతి ఎలాంటిదో కూడా 'గాఢమైన' అని పేర్కొన్నారు. కుర్రవాడు పైకొస్తాడు. 'అభ్యంతరము లేదు' అని రాసి, నా మెమో నేనే జారీకి పంపాను.

క్షేత్ర పరిశీలన ముగించుకుని సంఘం తిరిగి వచ్చింది. 'ద్వీపమునందు విశ్రాంతి పుష్కలముగా కలదు. సంఘ సభ్యులకు మాత్రము అందుబాటులోనికి రాలేదు' అని నివేదిక ఇచ్చింది. డైరెక్టరు గారు కందిన చర్మంతో, ఆండాళ్లు గారు వాచిన కాళ్లతో వైద్య కారణాల సెలవు పెట్టారు. ఆ చీటీల మీద కొర్రీలు వేయలేదు. మనిషికి దయ ఉండాలి.

సత్యవేణి నిగనిగలాడుతూ వచ్చింది. వచ్చిన రోజునే నా చొక్కా ఉతకబోయి జేబులోంచి మెమో తీసింది. చెబుదామా వద్దా అని నేను తటపటాయిస్తుంటే, చదవడం మొదలుపెట్టేసింది. నవ్వుతుందనుకున్నాను. మధ్యలో ఆగిపోయింది.

"'ముఖమున చిరునవ్వుతో' అని రాశారండీ." తలెత్తి నా మొహంలోకి చూసింది. "ఇన్నేళ్ల కాపరంలో అది నేను చూళ్లేదు. ఎవరో ఇన్‌ఛార్జి చూసేశాడు."

నాకు ఏడుపొచ్చినంత పనైంది. వచ్చిందనే రాసుకోండి.

"అయితే ఇప్పుడు ఆధారం ఉందిగా," అంది కళ్లు తుడుచుకుంటూ. "పూర్వానుభవం జతపరచలేదన్నారు గదా. ఇదుగో, ఆఫీసు వాళ్లే రాసిచ్చారు. పెట్టండి సెలవు. మాల్టా దాకా ఏం అక్కర్లేదు. ఆటో ఎక్కితే మన సముద్రం. నీలంగా లేకపోతే పోయింది."

మరునాడు ఒక పూట సెలవుకు దరఖాస్తు రాసి, మెమో నకలు జతపరిచి, నూకరాజుకు ఇచ్చాను. అతను పద్ధతి ప్రకారం బయటికి వెళ్లి, తిరిగి లోపలికి వచ్చి, పరిశీలన కోసం నా ముందు పెట్టాడు. చదివాను. ఆధారం ఉంది, కారణం ఉంది. 'కారణం: భార్యతో సముద్రపుటొడ్డున కూర్చొనుటకు.' నాకు తెలియకుండానే చెయ్యి అంచు వైపు వెళ్లింది.

"సార్, వద్దు సార్! మీ కాళ్లు పట్టుకుంటాను!" అని నూకరాజు పెన్ను లాక్కోబోయాడు.

అప్పటికే రాసేశాను.

'సముద్రమునకు ఒక పూట ఏ మాత్రమును చాలదు. పూర్తి దినము ఎందుకు కోరలేదో దరఖాస్తుదారుడు వివరించవలెను.'